17 డిగ్రీల అక్షాంశంలో ఆటోగైడింగ్: ఒక శీతాకాలపు ప్రాజెక్టు డైరీ

అక్టోబరు చివరి వారం: ముందుగా లెక్కలు

ఈ చలికాలానికి పెట్టుకున్న లక్ష్యం ఇది. 80 మిల్లీమీటర్ల వ్యాసం, 480 మిల్లీమీటర్ల నాభ్యంతరం ఉన్న నా దూరదర్శినితో ఐదు నిమిషాల ఎక్స్‌పోజరు తీసినప్పుడు ఫ్రేము నాలుగు మూలలా నక్షత్రాలు గుండ్రంగా రావాలి. అలాంటి ఫ్రేములు రాత్రికి ఏవో కొన్ని కాక, తీసినవాటిలో దాదాపు అన్నీ కావాలి. ఆకాశం 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లకు ఒక చుట్టు తిరుగుతుంది, అంటే సెకనుకు 15.04 ఆర్క్‌సెకన్లు (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్‌సెకను). దూరదర్శినిని మోసే పీఠం, అంటే మౌంటులోని మోటారు దాన్ని అదే వేగంతో పడమటికి తిప్పుతుంది. కానీ మోటారుకూ అక్షానికీ మధ్య ఉన్న పళ్ల చక్రాల్లో ఏ ఒక్కటీ పూర్తిగా దోషరహితంగా ఉండదు కాబట్టి నక్షత్రం కాసేపు ముందుకూ కాసేపు వెనక్కూ ఊగుతూ ఉంటుంది. ఆ ఊగులాటను వేరొక చిన్న కెమెరాతో గమనించి, ఎంత జరిగిందో లెక్కగట్టి, వెంటవెంటనే మౌంటుకు సవరణలు పంపడమే ఆటోగైడింగ్.

ప్రధాన కెమెరాలో ఉన్నది సోనీ ఐఎంఎక్స్533 సెన్సరు, పిక్సెల్ పరిమాణం 3.76 మైక్రాన్లు. మైక్రాన్లలో ఉన్న ఆ పరిమాణాన్ని 206.265తో గుణించి, మిల్లీమీటర్లలో ఉన్న నాభ్యంతరంతో భాగిస్తే ఒక్కో పిక్సెల్ ఆకాశంలో ఎంత మేర చూస్తుందో తెలుస్తుంది; నాకు వచ్చినది 1.62 ఆర్క్‌సెకన్లు. ఊగులాటను గమనించే చిన్న దూరదర్శిని, అంటే గైడ్ స్కోపు వ్యాసం 30 మిల్లీమీటర్లు, నాభ్యంతరం 120. దాని వెనక ఉన్న నలుపు తెలుపు కెమెరా పిక్సెల్ 3.75 మైక్రాన్లు, అంటే ఆకాశంలో 6.45 ఆర్క్‌సెకన్లు. ఇంత ముతక పిక్సెల్‌తో ఒక ఆర్క్‌సెకను కంటే చిన్న కదలికను పట్టుకోగలమా అని ఈ పనిలోకి కొత్తగా వచ్చినవారు తరచుగా అడుగుతారు. పట్టుకోగలం. నక్షత్రపు కాంతి ఒకే పిక్సెల్ మీద కాక చుట్టుపక్కల పిక్సెళ్ల మీద కూడా పరుచుకుంటుంది. ఏ పిక్సెల్‌లో ఎంత వెలుగు పడిందో చూసి సగటు తీస్తే కాంతి కేంద్రాన్ని పిక్సెల్‌లో పదో వంతు వరకు, నక్షత్రం ప్రకాశవంతమైనదైతే అంతకంటే సూక్ష్మంగా కూడా నిర్ణయించవచ్చు. అందుకు రెండు షరతులు: నక్షత్రం సెన్సరును ముంచెత్తేంత ప్రకాశంగా ఉండకూడదు, నేపథ్యపు రొదలో కలిసిపోయేంత మందంగానూ ఉండకూడదు.

గైడింగ్ దోషాన్ని ఆర్‌ఎంఎస్ (దోషాల వర్గాల సగటుకు వర్గమూలం) సంఖ్యగా చెబుతారు. ఆ మొత్తం సంఖ్యను ఎంత తగ్గిస్తే అంత మంచిదన్నది సగం నిజమే. వాతావరణపు చలనం వల్ల నక్షత్రం 3 ఆర్క్‌సెకన్ల వెడల్పుకు పరుచుకునే రాత్రి, రైట్ అసెన్షన్ (ఆకాశంలో తూర్పు పడమర) దిశలో దోషం 1.4 ఆర్క్‌సెకన్లు, డిక్లినేషన్ (ఉత్తర దక్షిణ) దిశలో 0.6 ఉన్నాయనుకుందాం. ఆర్‌ఎంఎస్‌ను వెడల్పుగా మార్చడానికి ఒక్కోదాన్ని 2.355తో గుణించి, వాతావరణపు వెడల్పుతో వర్గాల పద్ధతిలో కలిపితే నక్షత్రం ఒక దిశలో 4.5, రెండో దిశలో 3.3 ఆర్క్‌సెకన్లు వస్తుంది. అది కంటికి తెలిసిపోయే కోడిగుడ్డు ఆకారం. రెండు దిశల్లోనూ 1.0 ఉంటే నక్షత్రం కొంచెం లావుగా, కానీ గుండ్రంగా వస్తుంది. అందువల్ల మొత్తం సంఖ్యకంటే రెండు అక్షాల సంఖ్యలు దగ్గరగా ఉండటమే ఈ డైరీలో నేను ముందుగా చూసే విషయం.

నవంబరు మొదటి వారం: ధ్రువం వైపు గురి

హైదరాబాదు అక్షాంశం 17.4 డిగ్రీలు. ధ్రువ నక్షత్రం మనకు ఉత్తరాన అంతే ఎత్తులో, అంటే అపార్టుమెంట్ల వెనక, ధూళి పొరలో మినుకుమంటూ ఉంటుంది. ఐరోపా, అమెరికాల వారి కోసం రాసిన సూచనలు చాలావరకు 40, 50 డిగ్రీల అక్షాంశాన్ని దృష్టిలో పెట్టుకున్నవి. అక్కడ ఎదురుకాని సమస్యలు మనకు మూడు ఉన్నాయి.

మొదటిది యాంత్రికమైనది. ఆకాశపు ధ్రువం వైపు గురిపెట్టాల్సిన మౌంటు ధ్రువ అక్షం దాదాపు నేలకు సమాంతరంగా వాలిపోతుంది కాబట్టి, ప్రతిబరువులు కిందికి ఉన్న స్థితిలో వాటి కడ్డీ నిట్టనిలువుకు దగ్గరగా వచ్చి ముక్కాలిపీట ఉత్తరపు కాలికి తగిలే ప్రమాదం ఉంది. నేను ప్రతిబరువులను కడ్డీ మీద పైకి జరిపి, ఆ మేరకు బరువు పెంచి సమతూకం సరిచేశాను. రెండోది ఎత్తు సరిచేసే బోల్టులు. భారం మొత్తం వాటి మీద ఉండగా తిప్పితే వంగిపోతాయి. అందుకని దూరదర్శినిని ఒక చేత్తో కొంచెం ఎత్తిపట్టి తిప్పుతున్నాను, చివరి మలుపు ఎప్పుడూ పైకి ఎత్తే దిశలోనే ముగిస్తున్నాను. అప్పుడు రాత్రంతా భారం బోల్టు మీద ఒకే వైపు ఆని ఉంటుంది.

మూడోది వాతావరణ వక్రీభవనం. 17 డిగ్రీల ఎత్తులో ఉన్న నక్షత్రాన్ని గాలి పొర సుమారు 3 ఆర్క్‌మినిట్లు (ఒక ఆర్క్‌మినిట్ అంటే 60 ఆర్క్‌సెకన్లు) పైకి ఎత్తి చూపిస్తుంది. నిజమైన ధ్రువానికి గురిపెట్టాలా, పైకి లేచి కనిపించే ధ్రువానికి గురిపెట్టాలా అన్న తేడా 50 డిగ్రీల అక్షాంశంలో ఒక ఆర్క్‌మినిట్ లోపే ఉంటుంది, మనకు మూడింతలకు పైగా ఉంటుంది. ధ్రువానికి 5 ఆర్క్‌మినిట్లు పక్కగా గురిపెట్టిన మౌంటు మీద నక్షత్రం డిక్లినేషన్‌లో నిమిషానికి గరిష్ఠంగా 1.3 ఆర్క్‌సెకన్లు జరుగుతుంది. గైడింగ్ దాన్ని సరిచేస్తూనే ఉంటుంది, నిజమే; కానీ గైడ్ నక్షత్రం చుట్టూ ఫ్రేము తిరగడాన్ని గైడింగ్ ఆపలేదు.

ధ్రువ నక్షత్రం మేడ మీద నుంచి సరిగా కనిపించదు కాబట్టి ధ్రువదర్శినిని పక్కన పెట్టి, ఆకాశంలో మూడు చోట్ల ఫొటోలు తీసి నక్షత్రపటంతో సరిపోల్చి అక్షం దిశను లెక్కగట్టే పద్ధతిని ఎంచుకున్నాను. ఉచితంగా దొరికే నీనా (N.I.N.A.) సాఫ్ట్‌వేర్‌కు ప్లగిన్‌గా ఇది ఉంది, ఉత్తరం కనిపించకపోయినా పనిచేస్తుంది. తర్వాత గైడింగ్ సాఫ్ట్‌వేర్ పీహెచ్‌డీ2లోని డ్రిఫ్ట్ (నక్షత్రం జరుగుడు) పరీక్షతో సరిచూశాను: ఖగోళ మధ్యరేఖ, నడినెత్తి మీదుగా ఉత్తర దక్షిణాలను కలిపే మధ్యాహ్నరేఖ కలిసే చోట ఉన్న నక్షత్రం దిశ దోషాన్ని చూపుతుంది, తూర్పున గానీ పడమట గానీ ఉన్న నక్షత్రం ఎత్తు దోషాన్ని చూపుతుంది. రెండు పద్ధతుల ఫలితాలూ 2 ఆర్క్‌మినిట్ల లోపు కలిశాయి. ఈ ఎత్తులో ఇంతకంటే వెంటాడటం అనవసరమని నా నిర్ణయం.

నవంబరు రెండో వారం: సవరణలు ఆపి కొలవడం

గైడింగ్ మొదలుపెట్టే ముందు గైడింగ్ లేకుండా మౌంటు ఏం చేస్తుందో తెలుసుకోవాలి. పీహెచ్‌డీ2లోని గైడింగ్ అసిస్టెంట్ ఈ పనికే ఉంది. అది సవరణలను నిలిపివేసి నక్షత్రాన్ని ఊరికే గమనిస్తూ ఉంటుంది. రెండు నిమిషాల తర్వాతే సలహాలు ఇవ్వడం మొదలుపెడుతుంది కానీ అంత తొందరగా ఆపితే అసలు విషయం తెలియదు. నా మౌంటులో రైట్ అసెన్షన్ అక్షానికి 135 పళ్ల చక్రం ఉంది. నక్షత్ర దినంలోని 86,164 సెకన్లను 135తో భాగిస్తే ఆ చక్రాన్ని తిప్పే మర కడ్డీ, అంటే వార్మ్ ఒక చుట్టు తిరగడానికి 638 సెకన్లు పడుతుందని వస్తుంది. కాబట్టి కనీసం రెండు చుట్లు, అంటే ఇరవై నిమిషాలకు పైగా వదిలేశాను.

లాగ్ ఫైలును లాగ్ వ్యూయర్‌లో తెరిచి, ఏ కాలవ్యవధిలో ఎంత ఊగులాట ఉందో విడదీసి చూస్తే రెండు శిఖరాలు స్పష్టంగా నిలిచాయి. ఒకటి ఊహించినట్టే 638 సెకన్ల దగ్గర. శిఖరం నుంచి లోయకు 30 ఆర్క్‌సెకన్లకు కాస్త పైన. ఇది పెద్దదైనా నెమ్మదైనది, గైడింగ్‌కు లొంగుతుంది. రెండోది 122 సెకన్ల దగ్గర. మోటారుకూ వార్మ్‌కూ మధ్య పళ్ల నిష్పత్తి 47కు 9, అందువల్ల వార్మ్ ఒకసారి తిరిగేలోపు మోటారు చక్రం 5.22 సార్లు తిరుగుతుంది, 638ని 5.22తో భాగిస్తే 122. అంటే దోషం వార్మ్‌లో కాక, దానికి ముందున్న చిన్న పళ్ల చక్రాల్లో ఉంది. పరిమాణంలో చిన్నదే అయినా ఇది ఐదు రెట్లు త్వరగా దిశ మార్చుకుంటుంది, సవరణ అందేలోపే నక్షత్రం ఎదురు తిరిగి ఉంటుంది. గైడింగ్ కష్టాలను చాలామంది సాఫ్ట్‌వేర్ సెట్టింగులతో తీర్చాలని చూస్తారు. ఇలా కాలవ్యవధిని బట్టి ఏ చక్రం దోషమో తేలిపోతే, స్క్రూడ్రైవరు పట్టాల్సిన చోట మౌస్ పట్టుకుని కూర్చోవలసిన అవసరం ఉండదని నా గట్టి అభిప్రాయం.

డిక్లినేషన్‌లో సమస్య వేరు. ఆ అక్షం మామూలుగా కదలదు కాబట్టి ఆవర్తన దోషం ఉండదు, ఉన్నది బ్యాక్‌లాష్. ఉత్తరం వైపు నడుస్తున్న అక్షాన్ని దక్షిణానికి తిప్పమంటే, వదులుగా ఉన్న గిలక తాడు ముందు బిగుసుకుని ఆ తర్వాతే చేదను లాగినట్టు, పళ్ల మధ్య ఖాళీ పూడే దాకా నక్షత్రం కదలదు. అసిస్టెంట్ కొలిచిన ఖాళీ సుమారు 20 ఆర్క్‌సెకన్లు. గైడింగ్ వేగం నక్షత్ర వేగంలో సగం, అంటే సెకనుకు 7.5 ఆర్క్‌సెకన్లు అయినప్పుడు ఆ ఖాళీ పూడటానికే రెండున్నర సెకన్లకు పైగా సవరణ పంపాలి. ఇది ఉండగా డిక్లినేషన్ దోషపు గ్రాఫు నిలకడగా ఉండదు.

నవంబరు మూడో వారం: మూత తెరిచి

మోటారు మూత తీసి చూస్తే 122 సెకన్ల దోషానికి కారణం కనిపించింది. చిన్న చక్రాలు ఒక స్థానంలో ఒరుసుకుంటూ, అరచుట్టు తర్వాత వదులవుతున్నాయి, ఎందుకంటే చక్రం కేంద్రం ఇరుసు మీద రవ్వంత పక్కకు ఉంది. మోటారు బోల్టులు వదులు చేసి, చక్రాన్ని చేత్తో నిదానంగా పూర్తి చుట్టు తిప్పుతూ, అత్యంత బిగువైన స్థానంలో కూడా వేలితో తగిలే సన్నని ఆట మిగిలేలా దూరం సరిచేసి బిగించాను. గట్టిపడిన పాత గ్రీజును తుడిచి పలుచగా కొత్తది పూశాను.

డిక్లినేషన్ వార్మ్‌ను పెద్ద చక్రం వైపు నెట్టే గ్రబ్ స్క్రూలను అలెన్ కీతో ఒక్కోసారి చుట్టులో పదహారో వంతు చొప్పున తిప్పుతూ, ప్రతిసారీ అక్షాన్ని మోటారుతో పూర్తిగా తిప్పి, మోటారు స్వరం మారుతోందా అని విన్నాను. స్వరం బరువెక్కితే బిగువు ఎక్కువైనట్టే. ఖాళీ పూర్తిగా పోయేదాకా బిగించకూడదు. మౌంటు గూడు అల్యూమినియం, వార్మ్ ఉక్కు. చల్లబడినప్పుడు అల్యూమినియం ఉక్కుకు దాదాపు రెండింతలు కుంచించుకుపోతుంది. సాయంత్రం 28 డిగ్రీల్లో సరిగ్గా సరిపోయిన బిగువు తెల్లవారుజామున 13 డిగ్రీల్లో పట్టేయవచ్చు. మళ్లీ కొలిస్తే బ్యాక్‌లాష్ 8 ఆర్క్‌సెకన్లకు తగ్గింది, 122 సెకన్ల శిఖరం సగానికి దిగింది. ఇక్కడితో ఆపాను. చిన్న చక్రాలను తీసేసి బెల్టు అమర్చే మార్గం ఉంది, అది వచ్చే వేసవి పని.

కార్తీక అమావాస్య: అచ్చంపేట పొలంలో

మామయ్య పొలం అచ్చంపేటకు దగ్గరలో, నల్లమల అంచున ఉంది. పంపుసెట్టు షెడ్డు బల్బు ఆర్పిస్తే చీకటి చాలు. దున్నిన నేల మీద ముక్కాలిపీట కాళ్లు గంటగంటకూ దిగబడి ధ్రువం గురి తప్పుతుంది కాబట్టి, ఒక్కో కాలి కింద అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న షాబాదు బండ ముక్క వేసి, మట్టిని కాలితో దిమ్మిస కొట్టాను.

సవరణ పల్సుకు నక్షత్రం ఎటు, ఎంత జరుగుతుందో సాఫ్ట్‌వేర్ కొలుచుకునే కాలిబ్రేషన్‌కు మీనరాశి, తిమింగల రాశుల సరిహద్దులో, ఖగోళ మధ్యరేఖకు దగ్గరగా, మధ్యాహ్నరేఖకు కాస్త తూర్పున ఉన్న చోటును ఎంచుకున్నాను. కారణం ఉంది. రైట్ అసెన్షన్ అక్షం ఒకే కోణం తిరిగినా నక్షత్రం జరిగే దూరం డిక్లినేషన్ కొసైన్ మేరకు తగ్గిపోతుంది; 60 డిగ్రీల దగ్గర అది సగమే. మధ్యరేఖ దగ్గర కొలత అత్యంత కచ్చితంగా వస్తుంది, మిగతా ఆకాశానికి సాఫ్ట్‌వేరే లెక్క మార్చుకుంటుంది. అయితే అది మార్చుకోవాలంటే దూరదర్శిని ఎటు చూస్తోందో దానికి తెలియాలి. అందుకే కెమెరా నుంచి మౌంటుకు వెళ్లే పాత పద్ధతి గైడింగ్ తీగను వాడటం మానేసి, కంప్యూటరు నుంచి మౌంటు డ్రైవరు ద్వారా పల్సులు పంపుతున్నాను. మధ్యాహ్నరేఖ దాటి దూరదర్శిని పక్క మారినప్పుడు కూడా ఆ కాలిబ్రేషనే చెల్లుతుంది.

ఒక్కో పల్సు ఎంతసేపు ఉండాలన్నది కూడా లెక్కే. కాలిబ్రేషన్‌లో పన్నెండు పల్సుల్లో నక్షత్రం 25 పిక్సెళ్లు, అంటే సుమారు 160 ఆర్క్‌సెకన్లు జరగాలి. సెకనుకు 7.5 చొప్పున పల్సుకు 1.8 సెకన్లు. ఇంత దూరం నడిపితేనే వాతావరణపు అదురు కొలతను చెడగొట్టదు. రెండు అక్షాల మధ్య కోణం 90 డిగ్రీలకు రెండు డిగ్రీల తేడాలో వచ్చింది, అంగీకరించాను.

ఆ రాత్రి గ్రాఫు గురించి ఒక మాట. అంతకుముందు రైట్ అసెన్షన్ 1.4, డిక్లినేషన్ 1.1 ఆర్క్‌సెకన్లుగా ఉన్నవి ఇప్పుడు 0.9, 0.7కు వచ్చాయి. సాఫ్ట్‌వేర్‌లో ఒక్క సెట్టింగూ మార్చలేదు.

డిసెంబరు: తక్కువ సవరించడం

ఇప్పుడు సెట్టింగుల వంతు. ఎక్స్‌పోజరుతో మొదలుపెట్టాను. అర సెకను, ఒక సెకను పెడితే గ్రాఫు ఎగిరెగిరి పడుతుంది, ఎందుకంటే అంత తక్కువ వ్యవధిలో కెమెరా చూసేది మౌంటు కదలికను కాదు, గాలి పొరల కదలికను. గాలి జరిపిన నక్షత్రం కోసం మౌంటును జరిపితే, మరుక్షణం నక్షత్రం స్వస్థానానికి వస్తుంది, మౌంటు మాత్రం పక్కకు పోయి ఉంటుంది. 5 సెకన్లు పెడితే గాలి ప్రభావం సగటులో కరిగిపోతుంది కానీ 122 సెకన్ల ఊగులాటకు స్పందన ఆలస్యమవుతుంది. నా మౌంటుకు 2.5 సెకన్లు కుదిరింది. ఒకే నక్షత్రం కాక అనేక నక్షత్రాల సగటు తీసుకునే వీలును కూడా వాడుతున్నాను; ఒక్కో నక్షత్రాన్ని గాలి వేర్వేరుగా అదిలిస్తుంది కాబట్టి ఆ అదురు సగటులో తగ్గిపోతుంది.

రైట్ అసెన్షన్‌కు ఊహించి సవరించే అల్గారిథమ్‌ను ఎంచుకున్నాను. జర్మనీలోని ట్యూబింగెన్‌లో ఉన్న మాక్స్ ప్లాంక్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకుల పని నుంచి పీహెచ్‌డీ2లోకి వచ్చిన ఈ పద్ధతి, దోషం జరిగాక సరిచేయడంతో ఆగకుండా, వార్మ్ ఆవర్తనాన్ని నేర్చుకుని రాబోయే దోషానికి ముందే సవరణ పంపుతుంది. కాలవ్యవధి 638 సెకన్లని చెప్పి, రెండు చుట్లు నేర్చుకోనిచ్చాక రైట్ అసెన్షన్ 0.7కు దిగింది. డిక్లినేషన్‌కు దిశ మార్చడానికి తొందరపడని అల్గారిథమ్ ఉంది; ఒక్కసారి నక్షత్రం ఎదురు దిశలో కనిపించినంత మాత్రాన అది తిరగదు, వరసగా సాక్ష్యం పోగైతేనే తిరుగుతుంది. 0.12 పిక్సెల్ కంటే చిన్న కదలికలను పట్టించుకోవద్దని, పట్టించుకున్న దోషంలో కూడా 65 శాతమే సవరించమని చెప్పాను.

సమతూకంలో ఒక చిన్న పక్షపాతం కావాలనే ఉంచాను. రైట్ అసెన్షన్‌లో తూర్పు వైపు కొంచెం బరువు ఎక్కువ ఉంటే మోటారు ఎప్పుడూ బరువును ఎత్తుతూ ఉంటుంది, పళ్లు ఒకే వైపు ఆని ఉంటాయి. పక్క మారినప్పుడు ప్రతిబరువును ఒక వేలి మందం జరపాలి.

చల్లబరిచే ఏర్పాటు లేని గైడ్ కెమెరాలో వేడి పిక్సెళ్లు నక్షత్రాల్లా మెరుస్తాయి. సాఫ్ట్‌వేర్ అలాంటిదాన్ని పట్టుకుంటే గ్రాఫు అద్భుతంగా, గీత గీసినట్టు వస్తుంది; పిక్సెల్ కదలదు కదా. ఆ సమయంలో ప్రధాన కెమెరాలో నక్షత్రాలు బారుగా సాగిపోతూ ఉంటాయి. అందుకని వేడి పిక్సెళ్లను గుర్తించి తీసేయడానికి మూత పెట్టి తీసిన డార్క్ ఫ్రేముల సంచయం తప్పనిసరి. డిసెంబరు చలికి తీసినవి ఏప్రిల్‌లో పనికిరావు, ఋతువు మారితే మళ్లీ తీయాలి. మంచు కూడా ఇంతే ముఖ్యం. అర్ధరాత్రి దాటాక గైడ్ స్కోపు కటకం మీద తేమ పేరుకుంటే నక్షత్రపు సంకేతం గంటలో సగానికి పడిపోతుంది. చిన్న కటకానికి కూడా హీటరు పట్టీ చుట్టాలి.

ఈ పని చేస్తున్నప్పుడల్లా హైదరాబాదులోని నిజామియా వేధశాల గుర్తొస్తుంది. ప్రపంచంలోని పలు వేధశాలలు కలిసి ఆకాశాన్ని ఫొటోలతో కొలిచిన ఆస్ట్రోగ్రాఫిక్ కేటలాగులో దక్షిణ డిక్లినేషన్ 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీ హైదరాబాదు వంతు. 8 అంగుళాల కుక్ ఆస్ట్రోగ్రాఫుతో గాజు ఫలకాల మీద ఆ పని జరిగింది. ఆ కాలంలో గైడింగ్ అంటే పక్కనున్న గైడ్ దూరదర్శినిలో కన్ను పెట్టి, నక్షత్రం అడ్డు గీతల మీదే ఉండేలా చేత్తో సరిచేస్తూ ఎక్స్‌పోజరు ముగిసేదాకా కూర్చోవడం. కెమెరా 2.5 సెకన్లకొకసారి చేసే పనిని మనిషి కన్ను, చేయి చేశాయి. ఆ ఫలకాల నుంచి కొలిచిన స్థానాలు నేటికీ నక్షత్రాల స్వీయచలనాన్ని లెక్కగట్టడానికి ఉపయోగపడుతున్నాయి. మన ఊళ్లో జరిగిన ఈ పని పాఠ్యపుస్తకాల్లో ఉండాలని నేను కోరుకుంటాను.

సంక్రాంతి సెలవులు: గ్రాఫు చూపని కదలిక

మొత్తం ఆర్‌ఎంఎస్ 0.9 ఆర్క్‌సెకన్లు, రెండు అక్షాలూ దాదాపు సమానం. లెక్క ప్రకారం నక్షత్రాలు గుండ్రంగా ఉండాలి. రెండు నిమిషాల ఫ్రేముల్లో ఉన్నాయి. ఐదు నిమిషాల ఫ్రేముల్లో మాత్రం అన్ని నక్షత్రాలూ ఒకే దిశలో, ఒకే మేర సాగి ఉన్నాయి.

ఈ లక్షణం చాలా చెబుతుంది. గైడింగే చెడితే గ్రాఫులో కనిపించాలి. ధ్రువం గురి తప్పితే నక్షత్రాలు గైడ్ నక్షత్రం చుట్టూ చాపాలుగా తిరగాలి, దగ్గరవి తక్కువ, దూరపువి ఎక్కువ సాగాలి. ఆ భ్రమణాన్ని కూడా లెక్కగట్టాను: ధ్రువం దోషం 2 ఆర్క్‌మినిట్లు, గైడ్ నక్షత్రం ఫ్రేము కేంద్రానికి ఒక డిగ్రీ దూరం అనుకుంటే, మధ్యరేఖ దగ్గర గంటకు అర ఆర్క్‌సెకనుకు కాస్త పైన. అది కారణం కాదు. మిగిలింది ఒక్కటే: గైడ్ స్కోపు, ప్రధాన దూరదర్శిని ఒకదానితో పోలిస్తే మరొకటి వంగుతున్నాయి. మౌంటు తూర్పు నుంచి పడమటికి తిరిగేకొద్దీ గురుత్వాకర్షణ లాగే దిశ మారుతుంది, ఎక్కడో ఒక జాయింటు కొద్దికొద్దిగా ఒరుగుతుంది. గైడ్ కెమెరా తన నక్షత్రాన్ని కదలకుండా పట్టుకుంటుంది, అలా పట్టుకోవడం కోసమే ప్రధాన కెమెరాను జరుపుతుంది.

కొలిచే పద్ధతి సులువు. ఫ్రేముల మధ్య గురిని కావాలని జరిపే డిథరింగ్‌ను ఆపివేసి, ఒక గంటపాటు వరసగా ఓరియన్ నెబ్యులా మీద ఫ్రేములు తీసి, ప్రతి ఫ్రేము కేంద్రపు నిర్దేశాంకాలను నక్షత్రపటంతో పోల్చి రాబట్టాలి. కేంద్రం గంటలో 30 ఆర్క్‌సెకన్లు, దాదాపు సరళరేఖలో, జరిగింది. ఐదు నిమిషాలకు 2.5 ఆర్క్‌సెకన్లు, అంటే ఒకటిన్నర పిక్సెళ్లు. సాగుడు మొత్తానికి ఇదే సమాధానం.

ఎక్కడ వంగుతోందో కనిపెట్టడానికి ఒక్కోసారి ఒక్క భాగమే మార్చాను. ప్రధాన ఫోకసర్ గొట్టానికి తాళం స్క్రూ బిగించి కొలిస్తే గంటకు 25. గైడ్ కెమెరా కేబులు కుదుపు తగలకుండా గొట్టానికి కట్టి కొలిస్తే మార్పు లేదు. గైడ్ స్కోపును పట్టుకున్న బ్రాకెట్టు ముందు వలయంలో, స్ప్రింగుతో నెట్టే నైలాన్ మేకు ఉంది. కంటితో చూసే ఫైండర్‌ను సులువుగా తిప్పుకోవడానికి అది మంచి ఏర్పాటు. ఆర్క్‌సెకన్ల పనికి స్ప్రింగు పనికిరాదు.

ఫిబ్రవరి: క్లాంపులు, ఫలితం, తరువాతి పని

బాలానగర్‌లో ఒక లేత్ షాపులో అల్యూమినియం దిమ్మె నుంచి రెండు క్లాంపులు చేయించాను. గొట్టం చుట్టూ పూర్తిగా పట్టేసేవి, మధ్యలో సర్దుబాటు స్క్రూలు గానీ స్ప్రింగులు గానీ లేనివి. గైడ్ స్కోపు ఇప్పుడు ప్రధాన గొట్టం వలయాల పైనున్న పట్టీకి నేరుగా బిగి ఉంది. రెండు దూరదర్శినులూ ఒకే చోటును చూడకపోవచ్చు, అది అక్కర్లేదు. గైడ్ కెమెరా ఫ్రేము రెండు డిగ్రీలకు పైగా వెడల్పు కాబట్టి నక్షత్రాలకు కొదవ లేదు. గైడ్ స్కోపు ఫోకస్ మరను కూడా తాళం వలయంతో బిగించాను.

అదే ఓరియన్ పరీక్షను మళ్లీ చేస్తే కేంద్రం జరుగుడు గంటకు 5 ఆర్క్‌సెకన్లు. ఐదు నిమిషాల ఫ్రేముకు 0.4, పిక్సెల్‌లో పావు వంతు. మూలల్లో కూడా నక్షత్రాలు గుండ్రంగా ఉన్నాయి. హఠాత్తుగా గాలి వీచిన సమయంలో తీసినవి తప్ప ఆ రాత్రి ఫ్రేములన్నీ వాడుకోగలిగాను. డిథరింగ్‌ను తిరిగి ప్రారంభించాను. గైడ్ కెమెరాలో ఒక పిక్సెల్ జరిపితే ప్రధాన కెమెరాలో నాలుగు పిక్సెళ్లు జరుగుతుంది కాబట్టి, సాఫ్ట్‌వేర్‌లో సంఖ్యను చిన్నదిగానే ఉంచాలి; పెద్దది పెడితే ప్రతి ఫ్రేము తర్వాత స్థిరపడటానికే నిమిషం పోతుంది.

గైడ్ స్కోపు తీసేసి, ప్రధాన దూరదర్శిని కాంతి నుంచే చిన్న పట్టకంతో కొంత మళ్లించే ఆఫ్ యాక్సిస్ గైడర్ పెట్టమని ఈ రంగంలో అనుభవజ్ఞులు సలహా ఇస్తారు. రెండు దూరదర్శినులు లేనప్పుడు వాటి మధ్య వంపు అన్న ప్రశ్నే రాదు. 480 మిల్లీమీటర్లకు నాకు ఇప్పుడు దాని అవసరం కనిపించడం లేదు. 1000 మిల్లీమీటర్ల నాభ్యంతరం ఉన్న 8 అంగుళాల న్యూటోనియన్ (దర్పణ దూరదర్శిని)కు మాత్రం తప్పదు. అక్కడ పిక్సెల్ 0.78 ఆర్క్‌సెకన్లు, పైగా ప్రధాన దర్పణం తన గూట్లో రవ్వంత జరిగినా పక్కనున్న గైడ్ స్కోపుకు తెలియదు. దాని కోసం, మూలల్లో నక్షత్రాలను సరిచేసే కరెక్టర్ కటకానికీ సెన్సరుకూ మధ్య ఉండాల్సిన 55 మిల్లీమీటర్లలో గైడర్ మందాన్ని ఎలా సర్దాలో కాగితం మీద వేస్తున్నాను. ఫిల్టరు గాజు తన మందంలో మూడో వంతు మేర ఫోకస్‌ను వెనక్కి నెడుతుందన్నది ఆ లెక్కలో కలపాలి.

అంతకంటే ముందు మార్చి అమావాస్యకు అచ్చంపేటలో కరీనా నెబ్యులాను ప్రయత్నించాలి. దాని డిక్లినేషన్ దక్షిణంగా 60 డిగ్రీలు, మధ్యాహ్నరేఖ మీద కూడా 14 డిగ్రీల ఎత్తుకు మించి లేవదు. ఆ ఎత్తులో వక్రీభవనం త్వరత్వరగా మారుతుంది, వాతావరణపు అదురు రెండింతలవుతుంది, రైట్ అసెన్షన్ పల్సుకు నక్షత్రం సగం దూరమే జరుగుతుంది. గైడ్ ఎక్స్‌పోజరును 4 సెకన్లకు పెంచి, కనీస కదలికను 0.2 పిక్సెల్‌కు వదులు చేసి మొదలుపెడతాను. మధ్యాహ్నరేఖకు అటూ ఇటూ గంటన్నర మాత్రమే తీస్తాను. దక్షిణాన నల్లమల కొండల వరస ఎన్ని డిగ్రీల దాకా అడ్డం వస్తుందో పగటిపూటే ఫోనులోని వాలు కొలిచే యాప్‌తో చూసి చెప్పమని మామయ్యను అడిగాను. 8 డిగ్రీలు దాటితే ముక్కాలిపీటను పొలం గట్టు మీదికి మార్చాలి, షాబాదు బండలను కూడా అక్కడికే మోయాలి.